ముఖము చూడనివారి కొరకు

పాఠ్యభాగములు: కొలొస్సయులకు 2:1-3, 4:12-13, 1 రాజులు 8:41-43, అపొస్తలుల కార్యములు 28:1-10

పౌలు కొలొస్సయి పట్టణమునకు వెళ్లినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. అక్కడ సువార్త చెప్పినవాడు ఆ ఊరివాడేయైన ఎపఫ్రా. ఆ సంఘములో ఎవరెవరున్నారో, ఎవరి యింట కూడుకొనుచున్నారో, ఎవరికి ఏ శ్రమ కలిగినదో ఎపఫ్రా వచ్చి చెప్పగా పౌలు వినెనేగాని కన్నులార చూడలేదు. అట్టివారికి చెరలోనుండి పత్రిక వ్రాయుచు, వారి కొరకును, ప్రక్కనున్న లవొదికయ వారి కొరకును, తన ముఖము ఎన్నడును చూడని మరి యితరుల కొరకును తాను ఎంతగా పోరాడుచున్నాడో వారికి తెలియవలెనని రెండవ అధ్యాయము మొదటనే చెప్పుచున్నాడు.

ఆ పోరాటమను మాట యొద్ద కొంచెము ఆగుదము. గ్రీకు మూలములోని మాట ఆటల పందెములలో మల్లులు చేయు పెనుగులాటకు వాడినది. ఇదే పత్రికలో నాలుగవ అధ్యాయము 12వ వచనమున ఎపఫ్రా ప్రార్థనను గూర్చి చెప్పునప్పుడు పౌలు అదే మాటకు పుట్టిన మాటను వాడెను. తెలుగు తర్జుమా చేసిన పెద్దలు కూడ రెండు చోట్లను పోరాటము అనియే ఉంచిరి. ఎపఫ్రా తన ఊరివారి కొరకు, తన యెరుకవారి కొరకు పోరాడుచున్నాడు. పౌలు తానెరుగనివారి కొరకు పోరాడుచున్నాడు. ఎరిగినవారికి పెద్ద ప్రార్థన, ఎరుగనివారికి చిన్న ప్రార్థన అను భేదము ఆ పత్రికలో కనబడదు.

ఎరిగినవారి కొరకు ప్రార్థించుట మనకు ఎవరును నేర్పనక్కరలేదు. బిడ్డ ఒళ్లు కాలుచున్నప్పుడు తల్లి మోకరించుటకు పాఠమేల? భర్త తెప్ప వేసికొని పోయిన రాత్రి గాలి లేచినయెడల పట్టపుపాళెములోని ఏ స్త్రీయైనను నిద్రపోవునా? ఆ ప్రార్థన ప్రేమ నుండి దానంతట అదే పుట్టును. ఎరుగనివాని కొరకు చేయు ప్రార్థనకు అట్టి ఊట లేదు. మనసు పెట్టి, నిశ్చయించుకొని, కూర్చుండి చేయవలెను. అందుచేతనే మనము దీనిని పాఠముగా తీసికొనుచున్నాము.

మన భాషలో కన్నులార చూచితిమందుము, చెవులార వింటిమందుము, నోరార పిలిచితిమందుము, మనసార దీవించితిమందుము. ‘ఆర’ అనగా నిండుగా, తనివి తీర అని అర్థము. కన్నులార చూడనివారి కొరకు మనసార ప్రార్థించుట సాధ్యమా? ఈ నెల పాఠములోని ప్రశ్న యిదే.

మన ప్రాంతములో ఈ ప్రశ్న పుస్తకములోని ప్రశ్న కాదు. తోటపల్లి గూడూరునకు తూర్పున కోడూరు వద్ద సముద్రము. దక్షిణమున కృష్ణపట్నము రేవు. 2008లో ఆ రేవు క్రొత్తగా తెరువబడిన తరువాత మనము పేరు పలుకలేని దేశముల ఓడలు మన తీరమునకు వచ్చుచున్నవి. రొయ్యల గుంటలమీదను, కట్టడపు పనులలోను ఒడియా, బెంగాలీ, హిందీ మాటలాడు యువకులు పని చేయుచున్నారు. వరి కోతల కాలమున కోత మిషన్ల వెంట తమిళదేశపు పనివారు వచ్చి, చేను ముగియగానే పోవుచున్నారు. వీరు మన అంగళ్లలో టీ త్రాగుదురు, మన బస్సులలో ఎక్కుదురు. సంక్రాంతికి మన పిల్లలు ఇండ్లకు వచ్చినప్పుడు వీరు గుంట గట్టుమీది రేకుల పాకలోనే ఉందురు. వారిలో ఒకని పేరు మనలో ఎందరికి తెలియును?

ఇక ఆదివారము మన సంఘములలో చదువబడు ప్రార్థన విన్నపముల కాగితము చూడుడి. కువైటు వీసా కొరకు ఎదురు చూచు కుమారుడు, పరీక్ష వ్రాయబోవు కుమార్తె, కీళ్ల నొప్పులు, అన్నదమ్ముల పొలము తగవు, సగములో ఆగిన ఇల్లు. ఇవన్నియు ప్రభువు నడుగవలసినవే. అనుదినాహారము కొరకు అడుగుడని నేర్పినవాడు మన యింటి సంగతులను చులకనగా చూడడు. అయితే కాగితము పైనుండి క్రిందివరకు మన యింటిపేర్లే యున్నవి. కడపట ‘మరియు సమస్త మనుష్యుల కొరకు’ అని ఒక పంక్తి యుండును. చదువువారు దానిని గబగబ చదివి ఆమేన్ అందురు. 1 తిమోతి 2:1లో అపొస్తలుడు అందరి కొరకు విజ్ఞాపనలు చేయుమని చెప్పినది ఒక పంక్తితో తీరిపోవు అప్పు కాదు. ఆ ఆజ్ఞ వ్రాసినప్పుడు సంఘమును హింసించు రాజులు సింహాసనములమీద నుండిరని జ్ఞాపకము చేసికొనిన, అది ఎంత బరువైన మాటయో తెలియును.

సొలొమోను దేవాలయ ప్రతిష్ఠ దినమున చేసిన ప్రార్థనను నిదానముగా చదువుడి. అందులో ఏడు విన్నపములు కలవు. పొరుగువాని మీద చేసిన తప్పు, యుద్ధములో ఓటమి, వాన లేమి, కరవు తెగుళ్లు అను నాలుగింటి తరువాత, అయిదవ విన్నపముగా దూరదేశము నుండి వచ్చు అన్యుని మాట యెత్తుచున్నాడు. ఆ అన్యుడు ఇంకను రాలేదు. వచ్చునో రాడో తెలియదు. వచ్చి ఏమి అడుగునో అసలే తెలియదు. అయినను అతడు ఈ మందిరము తట్టు తిరిగి ఏమి వేడుకొనినను ఆకాశమందు విని అదంతయు చేయుమని రాజు దేవుని బ్రతిమాలుచున్నాడు.

ఇందులో మేము గమనించిన సంగతి యొకటి కలదు. ఇశ్రాయేలీయుల ఓటమిని గూర్చియు వాన లేమిని గూర్చియు అడుగునప్పుడు, వారు పాపము విడిచి తిరిగినయెడల అని సొలొమోను చెప్పుచున్నాడు. కరవు తెగుళ్ల సంగతిలో ఎవని హృదయ వ్యాధిని వాడు తెలిసికొనవలెనని చెప్పుచున్నాడు. అన్యుని విషయములో అట్టి నియమము పెట్టలేదు. ఇంటివారి తప్పు ఇంటివారితో లెక్క చూచుకొనవచ్చును. గడపలోనికి వచ్చిన క్రొత్తవానికి మొదట మంచినీళ్లు ఇయ్యవలెనని మన పెద్దలకును తెలియును. వేసవిలో మన బాటల ప్రక్కన చలివేంద్రములు పెట్టుదురు గదా, ఆ కుండయొద్ద నిలిచినవానిని నీవే కులము, నీవే ఊరు అని ఎవరైన అడిగి గ్లాసు చేతికిత్తురా?

అబ్రాహాము సొదొమ కొరకు బ్రతిమాలినప్పుడు తన అన్న కుమారుడైన లోతు అక్కడ ఉన్నాడు. ఆదికాండము 18వ అధ్యాయములో ఆ విజ్ఞాపన అంతయు చదివినను లోతు పేరు ఒక్కసారియైన రాదు. యాబదిమంది నీతిమంతులు, నలువది అయిదుగురు, నలుబది, ముప్పది, ఇరువది, పదిమంది అని ఆరుమారులు అడిగెను. అతడు బ్రతిమాలినది ఊరంతటి కొరకు.

ఇంతవరకు లేఖనములోని దృష్టాంతములు చూచితిమి. మన నెల్లూరు సంఘముల చరిత్రలోనే ఇట్టి ప్రార్థన యొకటి కలదు. చిన్నప్పటి నుండి వినుచున్న సంగతియే యైనను, ఈ పాఠము వెలుగులో మరల చూచుట మంచిది.

అమెరికా బాప్తిస్టు మిషనువారిలో శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్లు గడిచినను ఫలము వ్రేళ్లమీద లెక్కింపదగినంతయే. 1853లో ఆల్బనీ పట్టణమున జరిగిన వారి వార్షిక సభలో ఈ తెలుగు పని మానివేయుదమా అను చర్చ వచ్చెను. పటముమీద ఒంటరిగా నిలిచిన నక్షత్రమువంటిది ఈ స్టేషను అని ఒకరనగా, శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను కవి దానిమీదనే పద్యము వ్రాసి మరునాడు వినిపించెను. అందుచేత దీనికి ఒంటరి నక్షత్రము అను పేరు నిలిచిపోయెను. పని మానలేదు.

ఆ తరువాత ఏడాదైనను తిరుగకమునుపే, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, ఒంగోలు ఊరి ప్రక్కనున్న కొండమీదికి అయిదుగురు ఎక్కిరి. 1849లో నెల్లూరు వచ్చిన లైమన్ జ్యూయెట్ దొరగారు, వారి భార్య, క్రిస్టియన్ నరసు అను బోధకుడు, జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలు. అయిదుగురిలో ముగ్గురు మన తెలుగువారు. చరిత్ర చెప్పునప్పుడు దొరగారి పేరే ముందు వచ్చును గాని, చీకటిలో ఆ రాళ్లమీద కాలు పెట్టి ఎక్కిన జూలియాను, రూతును మన స్త్రీల సమాజములవారు మరువకూడదు. కొండమీద యెషయా 52వ అధ్యాయములో పర్వతములమీద సువార్త తెచ్చువాని పాదములను గూర్చిన భాగము చదువుకొని, ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. ఒంగోలునకు ఒక సేవకుని పంపుమనియే వారి విన్నపము. క్రింద పొగమంచులో ఇండ్లు. ఆ ఇండ్లలో నిద్ర లేచుచున్నవారికి పైన తమ కొరకు మోకరించినవారున్నారని తెలియదు.

ఆ దినమున, జవాబుగా రావలసిన మనుష్యుడు అమెరికాలో 17 ఏండ్ల కుర్రవాడు. జాన్ ఎవరెట్ క్లౌ అను ఆ యువకుడు ఆ ప్రాయమందు సర్వేవారితో కలిసి భూములు కొలుచు పని నేర్చినవాడు. ఒంగోలు అను పేరే అప్పటికి ఆయన వినియుండడు. కొండమీది అయిదుగురికి ఆయన తెలియడు, ఆయనకు వారు తెలియరు. నడుమ 1862లో ఈ మిషను మూసివేయుదమను మాట మరల వచ్చెను. అప్పుడు స్వదేశములోనున్న జ్యూయెట్ దొరగారు మీరు పంపినను పంపకున్నను నేను తిరిగి పోవుదునని పట్టుపట్టిరి. క్లౌ దొరగారు 1865లో నెల్లూరు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురము పెట్టిరి. కొండమీది ప్రార్థనకు పండ్రెండు ఏండ్లు దాటినవి.

వచ్చినవారెవరో అదియు చూడుడి. ఊరిలోని పెద్దకులములవారు కొందరు బడికి పిల్లలను పంపి ఆదరించుచుండిరి. వారు వత్తురని తోచుచుండగా పల్లెలనుండి మాదిగలు వచ్చిరి. తాళ్లకొండపాడునకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు వారికి ముందు నడిచినవారు. వీరిని చేర్చుకొందురేని మేము రామని పెద్దకులములవారు చెప్పినప్పుడు, దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండ, లేఖనము తెరచి 1 కొరింథీయులకు 1:26-29 వచనములే చదివిరని ఆయన తన జీవితచరిత్రలో వ్రాసికొనిరి. లోకము ఎన్నికలేని వారని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని చెప్పు భాగమది. ఎవరి కొరకు ప్రార్థించుచున్నామో మనకు తెలియని ప్రార్థనలో ఇట్టి అపాయము కలదు. దేవుడు ఎవరిని తెచ్చి మన బల్లయొద్ద కూర్చుండబెట్టునో ముందుగా చెప్పడు. వచ్చినవారిని చూచి, ఇట్టివారి కొరకు మేము అడుగలేదందుమా?

తరువాత 1876-78 సంవత్సరముల ధాతు కరవు వచ్చెను. ప్రభుత్వము కరవు పనిగా బకింగ్‌హాము కాలువను త్రవ్వించుచుండగా, సర్వే పని తెలిసిన క్లౌ దొరగారు ఒంగోలు ప్రాంతములో మూడున్నర మైళ్ల ముక్కను గుత్తకు తీసికొనిరి. బోధకులే మేస్త్రీలైరి. ఆకలితో వచ్చినవాడు క్రైస్తవుడా కాడా అని చూడక పలుగు, తట్ట చేతికిచ్చి కూలి యిచ్చిరి. పగలు మన్ను మోసి, ప్రొద్దుగూకిన తరువాత కూర్చుండి బోధ వినిరి. వేలమంది బాప్తిస్మము అడిగిరి. ఆ కరవు సహాయము సాగుచున్న కాలములో ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మములు ఆపివేసిరి.

మా దృష్టికి ఆ కాలపు కార్యములన్నిటిలో ఇది గొప్పది. సంఖ్యలు కోరువాడు ఆపునా? తన దేశమునకు నివేదిక వ్రాయవలసినవాడు, ఎన్నో ఏండ్లు ఒంటరి నక్షత్రమని అనిపించుకొన్న మిషనువాడు, తన కండ్లయెదుట వేలమంది అడుగుచుండగా చేయి ముడుచుకొని కూర్చుండుట సులువా? అన్నము పెట్టు చేయి ఎరవేయు చేయి కాకూడదని ఆయన కోరెను. ఎరుగనివాని కొరకు మనము చేయు ప్రార్థన, అతనికి చేయు ఉపకారము, అతని వలన మనకు రావలసినదేదియు లేకుండ ఉండవలెను. సంఘపు పట్టీలో ఒక పేరు పెరుగుట కూడ మన లాభమే. ఆ లాభము మనసులో పెట్టుకొని చేసినది మనసార చేసినది కాదు.

కరవు సద్దుమణిగి, ఇక పంచుటకు ధనము లేదని చెప్పినను జనులు మరలిపోలేదు. 1878 జులై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు; ఇద్దరిద్దరుగా నీటిలో దిగి వంతులవారీగా ఇచ్చిరి. ఈ సంఖ్యను మన సభలలో తరచుగా చెప్పుకొందుము. 2,222ను చెప్పినప్పుడు అంతకుముందరి ఆగిన నెలలను కూడ చెప్పుట న్యాయము.

ఆ కాలువ మన ఊళ్ల ప్రక్కనే పోవుచున్నది. మన యొద్దనున్న భాగము క్లౌ దొరగారు త్రవ్వించినది కాదు. ఆయనది ఒంగోలు వైపు ముక్క. ఇప్పుడు పడవలు లేవు, చాలచోట్ల పూడిపోయినది. అయితే 2004 డిసెంబరు 26వ తేదీన, క్రిస్మసు మరునాటి ఆదివారమున, సునామీ మన తీరమును కొట్టినప్పుడు పెదగంజాము మొదలు చెన్నై వరకు ఈ కాలువ సముద్రపు నీటిని తనలో పట్టి లోపలి ఊళ్లను చాలవరకు కాపాడెనని మరుసటి యేడు కరెంట్ సైన్స్ పత్రికలో ఒక వ్యాసము వచ్చెను. కాలువకును సముద్రమునకును నడుమనున్న పాళెములకు ఆ మేలు లేకపోయెననునది వేరొక దుఃఖము. కరవులో మన్ను మోసినవారు రేపటి గంజి కొరకు మోసిరి. 126 ఏండ్ల తరువాత పుట్టబోవువారి కొరకు మోయుచున్నామని వారికి తెలియదు. యోహాను 17:20లో ప్రభువు, శిష్యుల వాక్యము వలన తనయందు విశ్వాసముంచబోవు వారి కొరకు, అనగా ఇంకను పుట్టని మనకొరకు కూడ ప్రార్థించెను. ఆయనకు మన ముఖములు తెలియును గాని మన తండ్రి తాతలకే మనము అప్పటికి లేము.

ఇప్పుడు కొందరు అడుగు మాట యొకటి కలదు. ఎరుగనివాని కొరకు ప్రార్థించుట చేతికి మట్టి అంటని పని కాదా? యాకోబు 2:15-16లో బట్ట లేనివానిని, తిండి లేనివానిని సమాధానముగా పొమ్మని మాటతో సాగనంపువానిని అపొస్తలుడు గద్దించలేదా? మంచి ప్రశ్నయే. ప్రార్థన అన్నమునకు బదులు కాదు. 2020 మార్చి 25 మొదలు లాక్‌డౌన్ వచ్చినప్పుడు, చెన్నపట్నము నుండి ఉత్తర దేశములవారు పిల్లలను భుజములమీద వేసికొని మన నెల్లూరు మీదుగా పెద్ద రహదారి వెంట నడిచిపోయిరి. ఆ బాట ప్రక్కన నిలిచి పులిహోర పొట్లము, మజ్జిగ ఇచ్చినవారు అన్ని మతములలోను ఉండిరి. ఆ దినములలో తలుపు మూసికొని ప్రార్థన మాత్రము చేసినవాని ప్రార్థనకంటె, ప్రార్థన యెరుగని ఒక అన్న ఇచ్చిన మజ్జిగ గ్లాసు ప్రభువు దృష్టికి చిన్నదని మేము చెప్పజాలము. మత్తయి 25వ అధ్యాయములో నీతిమంతులు, ప్రభువా, నిన్ను ఎప్పుడు చూచితిమి అని ఆశ్చర్యపడుదురు.

మరి ప్రార్థన ఏమి చేయును? అది మన కండ్లను మార్చును. గుంట గట్టుమీది ఆ ఒడియా పిల్లవాని కొరకు ఉదయమున ప్రభువు నడిగినవాడు, సాయంకాలము అంగడిలో అతడు లెక్క తెలియక ఇచ్చిన పెద్ద నోటుకు చిల్లర తక్కువ ఇయ్యజాలడు. అతనికి కూలి బాకీ పెట్టినవాడు పొరుగువాడేయైనను ఒక మాట అడుగకుండ ఊరకుండజాలడు. నోటితో వాని పేరు దేవునియొద్ద ఎత్తి, చేతితో వానిని మోసగించినయెడల మన పెద్దలు చెప్పు మనసా వాచా కర్మణా అను మాట ఏమగును? ప్రార్థించుటకు వెనుకాడువారు కొందరు దీనికే వెనుకాడుదురేమో.

మరియొక సంగతి. ఎరుగనివారి కొరకు ప్రార్థించువారము మనమే, ప్రార్థన కావలసినవారు వారే అని అనుకొనవద్దు. అపొస్తలుల కార్యములు 27, 28 అధ్యాయములు సముద్రతీరమున ఉన్న మనకు మిక్కిలి దగ్గరివి. ఓడ పగిలి 276 మంది, పౌలుతో కూడ, ఈదుచు, పలకలు పట్టుకొనుచు ఒడ్డు చేరిరి. అది మెలితే ద్వీపమని పైకి వచ్చిన తరువాత గాని తెలియలేదు. వాన, చలి. అక్కడివారు క్రైస్తవులు కారు, యూదులును కారు. వారి భాష వీరికి తెలియదు. వారు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. తడిసిన ఖైదీలను, సైనికులను, నావికులను వేరుపరచి చూడలేదు. లూకా ఆ దయను మామూలు దయ కాదని ప్రత్యేకముగా వ్రాసెను. పౌలు ఆ మంటకు పుల్లలు ఏరి తెచ్చెను. తరువాత ఆ ద్వీపపు ముఖ్యుని తండ్రి జ్వరముతో పడియుండగా లోపలికి పోయి ప్రార్థన చేసెను. ఎవరు ఎవరికి అతిథి, ఎవరు ఎవరికి ఉపకారి, ఆ అధ్యాయములో తేల్చి చెప్పుట కష్టము.

మన బిడ్డలు కువైటులో ఇంటిపని చేయుచున్నారు, బెంగుళూరులో మేడలు కట్టుచున్నారు. వారికి జ్వరము వచ్చిన రాత్రి మనము ఇక్కడ ఉన్నాము. అక్కడ ఎవరో గంజి కాచి ఇచ్చియుందురు. వారి పేరు మనకు తెలియదు, వారు ఏ దేవుని మ్రొక్కుదురో తెలియదు. వారి కొరకు ఎన్నిమారులు ప్రార్థించితిమని ప్రతి తల్లియు తన్ను తాను అడుగుకొనవచ్చును.

మన తీరపు పాళెములో ఒక సహోదరి కలదు, పేరు వ్రాయము. పెనిమిటి వేటకు పోవు దినములలో రాత్రులు ఇసుకమీదికి వచ్చి కూర్చుండుట ఆమెకు అలవాటు. ఆయన పోయి చాలకాలమైనది గాని అలవాటు పోలేదు. రేవులో చోటు కొరకు ఎదురు చూచుచు దూరమున లంగరు వేసిన ఓడల దీపములను ఆమె లెక్కపెట్టి, దీపమునకొక ప్రార్థన చేయును. ఏమని ప్రార్థింతువమ్మా అని అడుగగా, ‘వాళ్ల ఆడోళ్లకు నిద్ర పట్టాలని’ అనెను. 2020 చివర లోకమంతట సుమారు 4 లక్షలమంది నావికులు ఒప్పందపు గడువు తీరినను కరోనా నిబంధనల చేత ఓడ దిగి ఇల్లు చేరలేక సముద్రముమీదనే చిక్కుకొనిరని అంతర్జాతీయ సంస్థలు లెక్క కట్టినవి. ఆ లెక్క ఆమెకు తెలియదు. ఓడవాని భార్యకు నిద్ర పట్టదని మాత్రము తెలియును. తన కష్టములోనుండి తానెరుగని స్త్రీ కష్టమును కనుగొనెను. ఎరుగనివారి కొరకు ఏమి అడుగవలెనో తెలియదనువారికి ఇంతకంటె మంచి త్రోవ మేము చూపలేము. మనకు తగిలిన దెబ్బ ఏదో, అదే దెబ్బ తగిలినవాడు ఎక్కడో ఉన్నాడు. అక్కడ మొదలుపెట్టుడి.

అభ్యాసము కొరకు రెండు మాటలు. బాట వెంట 108 బండి కుయ్‌కుయ్‌మనుచు పోవునప్పుడు చేతిలోని పని ఒక్క నిమిషము ఆపి, లోపల పడుకొన్నవాని కొరకును, వాని చేయి పట్టుకొని కూర్చున్నవారి కొరకును, బండి తోలువాని కొరకును అడుగుడి. మూడు వాక్యములు చాలును. పిల్లలకు ఇది నేర్పినయెడల పెద్దవారికంటె వారే బాగుగా చేయుదురు. క్రొత్తవారు ఎదురైనప్పుడు ‘నీ కొరకు ప్రార్థించుచున్నాము’ అని చెప్పి వారిని మొగమాటపెట్టవద్దు. వారి మతమును, కులమును ఆరా తీయవద్దు. పేరు అడిగి, ఆ పేరు సరిగా పలుకుట నేర్చుకొనుడి. మాట తెలియకపోయినను నవ్వు తెలియును.

బుధవారము ఇంటి ప్రార్థన కూటములలో ఈ నెల 1 రాజులు 8:41-43 బిగ్గరగా చదివి, విన్నపముల కాగితములో కడపటి పంక్తిని ఈమారు మొదటికి తెచ్చుడి. ‘సమస్త మనుష్యులు’ అని వ్రాయక, ఆ వారములో మీ కంటబడిన ఒకనిని, పేరు తెలియకున్నను ఆనవాలుతో వ్రాయుడి: బస్టాండులో ఏడ్చుచున్న స్త్రీ, ఆసుపత్రి వరండాలో పండుకొన్న ముసలాయన, కోత మిషను తోలు కుర్రవాడు. కూటమివారందరు మౌనముగా ఒక నిమిషము ఆగి, తరువాత ఒక్కరు ప్రార్థించిన చాలును. వారిలో ఎవరికైన మన చేతితో చేయదగినది కలదేని, ఆ రాత్రియే ఎవరు చేయుదురో నిర్ణయించుకొని లేవుడి.

వచ్చు నెల పాఠమునకు యోనా 4వ అధ్యాయము ఇంటియొద్ద రెండు మారులు చదివి రండి. నీనెవెలో కుడియెడమలు ఎరుగనివారు లక్షయిరువది వేలకంటె ఎక్కువమంది అని దేవుడే లెక్క చెప్పిన కడపటి వచనమును ముఖ్యముగా చూచుకొనుడి.